తిట్టే హక్కు

ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. అతను ఆవిడ మేనల్లుడు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఈసారి సెలవు పెట్టి ఆఫ్రికాలోని మలావీ వెళ్లి, ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో కొద్ది వారాలు ఉచితంగా పాఠాలు చెప్పాలని అతని సంకల్పం. తీసుకెళ్లే సంస్థకి ఫీజు, విమానం టికెట్టు, బడికి కొంత విరాళం, అన్నీ తన జేబులోంచే. టీచరు గనక అత్త సంతోషిస్తుందనుకుని చెప్పాడు. ఆవిడ సంతోషించే ముందు ప్రశ్నలు మొదలుపెట్టారు.

అత్త: అక్కడికి వెళ్లి ఏం చెబుతావురా?

మేనల్లుడు: ఇంగ్లీషు, లెక్కలు. వాళ్లకి టీచర్లు చాలడం లేదత్తా. 1994లో ప్రాథమిక విద్యకి ఫీజులు ఎత్తేశారు. 19 లక్షల మంది ఉన్న బళ్లలో పిల్లలు ఒక్కసారిగా 30 లక్షల దాకా అయ్యారు. గదులు లేవు, పుస్తకాలు లేవు. దాదాపు 20,000 మందిని కొద్దిపాటి తర్ఫీదుతో టీచర్లుగా తీసుకోవాల్సొచ్చింది. ఇప్పటికీ ఒకటో తరగతిలో వంద మంది దాటే బళ్లు ఎన్నో ఉన్నాయి. చెట్ల కింద క్లాసులు నడుస్తాయి. అలాంటిచోట ఇంకో మనిషి ఉంటే మంచిదే కదా?

అత్త: నువ్వు క్లాసులోకి వెళ్తే, ఆ క్లాసు టీచరమ్మ ఎక్కడుంటుంది?

మేనల్లుడు: వెనకాల కూర్చుంటుందేమో. ఆ కాసేపు ఆవిడకీ విశ్రాంతి.

అత్త: అప్పుడు ఇంకో మనిషి రాలేదు కదా, ఒకరు తప్పుకుంటే ఒకరు వచ్చారు. తప్పుకున్నావిడకి అక్కడి పిల్లల భాష చిచేవా వచ్చు, వచ్చినవాడికి రాదు. చిన్న క్లాసుల పిల్లలకి నీ ఇంగ్లీషు అందదు.

మేనల్లుడు: లెక్కలకి భాషతో ఏం పని?

అత్త: సరే, ఆ కాగితం ఇలా ఇవ్వు. 42 లోంచి 17 తియ్యమన్నాను. పిల్లాడు 35 అని వేశాడు. ఏం చేస్తావు?

మేనల్లుడు: తప్పని చెప్పి, 25 ఎలా వస్తుందో బోర్డు మీద చేసి చూపిస్తాను.

అత్త: వాడు తలూపుతాడు. మర్నాడు 61 లోంచి 38 తియ్యమంటే 37 అని వేస్తాడు. ఎందుకో చూడు. ఒకట్ల స్థానంలో రెండులోంచి ఏడు పోదు, అందుకని ఏడులోంచి రెండు తీసి అయిదు వేశాడు. ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అని చూడలేదు, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేశాడు. తోచినట్టు వేసిన అంకె కాదది, వాడికో పద్ధతి ఉంది. పెద్దదాంట్లోంచే చిన్నది పోతుందని మొదట్లో వాడికి చెప్పింది మనమే. వాడు మన మాట నమ్మాడు. ఇప్పుడు ఆ నమ్మకాన్ని విప్పాలి. పదేసి పుల్లలు కట్టలు కట్టించి, ఒక కట్ట ఊడదీయించి, ఒకట్లలో కలిపించాలి. సోమవారం చేయించి బుధవారం అడగాలి. పై వారం ఇంకోసారి అడగాలి. అప్పుడుగానీ పోదు. బోర్డు మీద ఒకసారి చేసి చూపించడం నీకూ వచ్చు, ఎవరికైనా వచ్చు. ఆ పై వారం అడగడానికి ఎవరుంటారన్నదే ప్రశ్న.

మేనల్లుడు: అంటే ట్రైనింగ్ లేనివాడు బడిలో అడుగుపెట్టకూడదంటావు. దీనికి మన రాష్ట్రమే జవాబు చెప్పింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రయోగం చేశారు. లాటరీ తీసినట్టు ఎంచిన 100 పల్లెటూరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకి ఒక్కో కాంట్రాక్టు టీచరుని అదనంగా ఇచ్చారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ బళ్ల పిల్లలు మిగతా బళ్ల పిల్లల కంటే లెక్కల్లోనూ భాషలోనూ ముందున్నారు. ఆ టీచర్ల చదువూ తక్కువే, ట్రైనింగూ తక్కువే. జీతమైతే రెగ్యులర్ టీచరు జీతంలో అయిదో వంతు.

అత్త: బడికి రాకుండా ఉండడం కూడా రెగ్యులర్ టీచర్ల కంటే తక్కువే అని తేలింది, అది వదిలేశావేం? మా బళ్లోనూ విద్యా వాలంటీర్లు ఉండేవాళ్లు. చాలామంది ఆ ఊరివాళ్లో పక్క ఊరివాళ్లో. ఒకరోజు రాకపోతే సాయంత్రం బోరింగు దగ్గర ఎవరో ఒకరు అడిగేవాళ్లు, ఇవాళ బడి లేదా అమ్మాయ్ అని. నీ ప్రయోగంలో టీచర్లూ చాలామంది అలాంటి ఊరి మనుషులే, అక్కడే ఉండేవాళ్లు. నీకు ట్రైనింగ్ లేదన్నది నా అభ్యంతరమే కాదు. పిల్లాడికి తీసివేతలు రాకపోతే నిన్ను అడిగేదెవరు?

మేనల్లుడు: అడిగించుకోవడానికి అంత దూరం వెళ్లాలా?

అత్త: ఒకసారి ఒక తల్లి మా గుమ్మంలో నిలబడి, మావాడికి ఎక్కాలు రావడం లేదు, అయిదు నెలలుగా ఏం వెలగబెడుతున్నారని కేకలేసింది. నాకు ఒళ్లు మండింది. కానీ ఆవిడ మా ఇంటిదాకా వచ్చి అడగగలిగింది. అడిగితే నేను జవాబు చెప్పాలని ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. టీచరంటే ఊరివాళ్లు తిట్టడానికి వీలున్న మనిషిరా. నువ్వు పాఠమంతా పాడుచేసినా సరే, వాళ్లు పాట పాడి సాగనంపుతారు. నువ్వు అతిథివి. అతిథిని ఎవరూ తిట్టరు.

మేనల్లుడు: నువ్వు ఇవాన్ ఇలిచ్ అనే ఆలోచనాపరుడిలా మాట్లాడుతున్నావు. 1968లో, మెక్సికో పల్లెల్లో సేవ చేయడానికి బయల్దేరే అమెరికన్ విద్యార్థుల సభలో, వాళ్ల మొహం మీదే చెప్పాడాయన. చూడ్డానికి రండి, నేర్చుకోవడానికి రండి, ఉద్ధరిస్తామని మాత్రం రాకండి అని. కానీ ఆయనెవరు? వియన్నాలో పుట్టి మెక్సికో చేరినవాడు. పరాయివాళ్లు రావద్దని ఒక పరాయివాడే చెప్పాడు.

అత్త: వచ్చి ఉండిపోయినవాడు చెప్పాడు.

మేనల్లుడు: ఉండిపోతే చాలా? పాల్ థెరూ అనే రచయిత ఉన్నాడు. 1963లో అమెరికా పీస్ కోర్ వాలంటీరుగా ఈ మలావీకే వెళ్లాడు. అప్పటికది న్యాసాలాండ్, మరుసటి ఏడు స్వాతంత్ర్యం వచ్చి మలావీ అయింది. సోచె హిల్ బళ్లో ఇంగ్లీషు చెప్పాడు. అక్కడి రాజకీయాల్లో ఇరుక్కోవడంతో 1965లో దేశం నుంచి పంపించేశారు. నాలాగా వారాల లెక్క కాదు, అచ్చంగా ఉద్యోగం చేసినట్టు చెప్పాడు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత తిరిగి వెళ్తే ఆ బడి శిథిలంగా ఉంది, లైబ్రరీలో అరలు బోసిపోయి ఉన్నాయి. 2002లో వచ్చిన ‘డార్క్ స్టార్ సఫారీ’లో ఆ నిరాశంతా రాశాడు. పై వారానికీ అక్కడే ఉండాలన్నావు. ఆయన ఉన్నాడు. ఏం మిగిలింది?

అత్త: ఒక బడి పాడవడానికి సవాలక్ష కారణాలుంటాయి. అది ఆయన నెత్తిన రుద్దను. ఆయన చదువు చెప్పిన పిల్లల్లో ఏం మిగిలిందో అరలు చూస్తే తెలీదు. కానీ ఆయన లేచిపోయాక ఆ కుర్చీలో కూర్చోవాల్సినవాళ్లు దొరకాలి కదా. మలావీలో చదువుకున్న నర్సులు ఎంతోమంది బ్రిటన్ వెళ్లిపోయారని నువ్వే చెప్పావు. మన ఊళ్ల నుంచి ఎంతమంది వెళ్లారో నేను చెప్పక్కర్లేదు. అందుకని, ఉంటే చాలని నేననను. ఉండడం మొదటి మెట్టు. ఆ కుర్చీ అక్కడివాళ్లదేనన్న ఎరుక రెండో మెట్టు.

మేనల్లుడు: అలాగైతే ఏ చదువూ సరిహద్దు దాటకూడదు. సి.పి. బ్రౌన్ దొర కడప రాకపోతే మనకి ఆ తెలుగు నిఘంటువేదీ?

అత్త: 1820లో కడప వచ్చింది కుంపిణీ ఉద్యోగానికి, మనకి తెలుగు నేర్పడానికి కాదు. వచ్చాక తెలుగు నేర్చుకున్నాడు. పండితులకి జీతాలిచ్చి తాళపత్రాలకి నకళ్లు రాయించాడు, పద్యాలు పరిష్కరింపజేశాడు. నిఘంటువు అచ్చయ్యేసరికి 1850లు వచ్చాయి.

మేనల్లుడు: మరి ఆయన్ని తిట్టే హక్కు కడపలో ఎవరికుంది? దొర, పైగా జీతమిచ్చేవాడు. నీ కొలబద్దకి ఆయనా నిలవడు.

అత్త: నిలవడు, ఒప్పుకుంటాను. జీతమిచ్చేవాణ్ణి పండితుడు ఎంతని కాదనగలడు? ఒక్కచోట మాత్రం కాదనగలడు. పద్యానికి అర్థం తప్పు చెబితే, అలా కాదండీ అని దిద్దగలడు. కచేరీలో దొర, పుస్తకం ముందు విద్యార్థి. నువ్వు కూడా అలాంటి చోటొకటి వెతుక్కోవాలి, అక్కడివాళ్లు నిన్ను దిద్దగలిగే చోటు. ప్రథమ్ సంస్థ పద్ధతి తెలుసుగా? ఏ తరగతి అని చూడకుండా, ఎంతవరకు చదవగలరో చూసి పిల్లల్ని జట్లు చేసి నేర్పడం. అది మన దేశంలో పుట్టి జాంబియా ప్రభుత్వ బళ్ల దాకా వెళ్లింది. సరిహద్దు దాటింది పద్ధతి. క్లాసులో నిలబడేది మాత్రం జాంబియా టీచర్లు. వాళ్ల పిల్లలకి కుదరనిది వాళ్లు మార్చుకుంటారు.

మేనల్లుడు: నేను పద్ధతిని కానుగా. మనిషిగా నేనేం చెయ్యాలి?

అత్త: వెనక బెంచీ ఆ క్లాసు టీచరమ్మకివ్వకు, నువ్వు కూర్చో. సంక్రాంతి దాటితే అక్కడి ఇళ్లలో మొక్కజొన్న నిండుకుంటుందట, కొత్త పంట ఏప్రిల్‌కిగానీ రాదట. ఆ నెలల్లో ఏ పిల్ల ఆకలితో కునుకుతోందో, ఏ పిల్ల పాఠం అర్థంకాక కునుకుతోందో ఆ టీచరమ్మకి తెలుసు. బడిలో పోసే జావ కోసమైనా ఎవరు వస్తారో, అదీ లేకపోతే ఎవరు మానేస్తారో కూడా తెలుసు. నీకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. వంద నోటు పుస్తకాలు దిద్దడం ఒక్క మనిషి వల్ల కాదు. తీసివేతలో ఎవరు ఏ తప్పు చేస్తున్నారో విడదీసి ఆవిడ చేతికివ్వు. పుల్లల కట్టలు కట్టు. నువ్వు విడదీసింది సరిగ్గా లేదని ఆవిడ అంటే మళ్లీ చెయ్యి.

మేనల్లుడు: ఇంత దూరం వెళ్లి నోటు పుస్తకాలు దిద్దాలా?

అత్త: చూశావా, ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న అడిగావు. వాళ్లకి కావాల్సిన పని నీకు చిన్నదనిపిస్తే, నువ్వు వెళ్తోంది ఎవరి కోసం?

మేనల్లుడు: కొంత నా కోసమేలే అత్తా. దాచేదేముంది? కానీ చూసినచోటికే మనిషి డబ్బిస్తాడు. నేను వెళ్లి ఆ పిల్లల్ని చూసొస్తే పదేళ్లు పంపుతాను. వెళ్లకపోతే మరిచిపోతాను. ఇదీ నిజమే కదా?

అత్త: నిజమే. అందుకే వెళ్లొద్దని నేనొక్కసారీ అనలేదు. ఆ బడి హెడ్‌మిస్ట్రెస్‌కి ఉత్తరం రాయి. నాకు ఈ పనులు వచ్చు, ఈ పనులు రావు, మీకు అవసరమైతేనే వస్తాను అని.

మేనల్లుడు: రాస్తే రమ్మనే అంటుంది. నేను డబ్బు కూడా తెస్తున్నానని ఆవిడకి తెలుసు. నన్ను కాదంటే డబ్బు పోతుందనుకుంటుంది. నువ్వు చెప్పిన తిట్టే హక్కు అక్కడే చచ్చిపోతుంది. బ్రౌన్ దగ్గర పండితుడికీ, నా దగ్గర ఆవిడకీ తేడా ఏముంది?

ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. 42, 17 వేసిన కాగితాన్ని పక్కన పెట్టారు.

అత్త: ఇది నాకు తట్టలేదురా. అయితే డబ్బుకీ నీ రాకకీ ఉన్న ముడి విప్పెయ్. డబ్బు ముందు పంపెయ్, ఏ షరతూ లేకుండా. ముట్టిందని వాళ్ల దగ్గర్నుంచి జవాబొచ్చాక, రమ్మంటారా అని విడిగా అడుగు. అప్పుడు వద్దన్నా ఆవిడకి పోయేదేం లేదు.

మేనల్లుడు: డబ్బు ముందే చేరిపోతే ఇక నాతో వాళ్లకేం పని?

అత్త: ఆ జవాబు వాళ్లనే చెప్పనీ. రమ్మంటే, నోటు పుస్తకాలు దిద్దడానికైనా సరే, వెళ్లు. టికెట్టు అప్పుడు కొను.