పరుల భారము మోయువాని భారమెవరిది?

నిర్గమకాండము 18:13–23, సంఖ్యాకాండము 11:10–17 చదువుకొనుడి.



పొలము గట్టు తగవైనను, అన్నదమ్ముల పంపకముల దావాయైనను, అన్యాయముగా పెట్టబడిన కేసైనను, మన పల్లెవారు చివరకు ఒక ప్లీడరు గారి గుమ్మము ఎక్కుదురు. కాగితముల కట్ట ఆయన బల్లమీద పెట్టి, "అయ్యా, ఇక మీదే భారము" అని చెప్పి బస్సెక్కి ఇంటికి వచ్చి, ఆ రాత్రి కొంత నిమ్మళముగా నిద్రించుదురు. మన భారము అక్కడ దించి వచ్చితిమి. అయితే ఆ ప్లీడరు గారు ఆ రాత్రి నిద్రించిరా? ఈ ప్రశ్న మనలో ఎవరికిని సాధారణముగా తోచదు.

ఈ మాసము మనము ఆలోచింపదగిన సంగతి ఇది. ఇతరుల భారము మోయుటయే వృత్తిగా గలవాని మనస్సు క్రుంగినప్పుడు, అతడు దానిని దాచవలెనా, చెప్పవలెనా? చెప్పినయెడల అతడు ఆ పనికి తగనివాడగునా? ఇది పట్నమువారి సంగతి, మనకేల అనవద్దు. మన సంఘముల బిడ్డలును లా చదువుచున్నారు. మన తగవులును ఆ వృత్తివారి భుజములమీదనే ఉన్నవి.

మోషే ఉదయము మొదలుకొని సాయంకాలము వరకు కూర్చుండి ప్రజల తగవులు తీర్చుచుండెను. అతని మామయైన యిత్రో ఒక దినము అది చూచెను. ఎంత గొప్ప అల్లుడు అని మురిసిపోలేదు. ఇది మంచిపని కాదని చెప్పెను. ఆయన చెప్పిన కారణము గమనింపుడి. నీవు నలిగిపోవుదువు అని మాత్రమే కాదు, నీతో కూడ ఈ ప్రజలును నలిగిపోవుదురు అను భావముతో ఆయన పలికెను. వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతులను నియమించి చిన్న తగవులు వారికి అప్పగింపుమనెను. మోషే ఆ మాట వినెను.

మరికొంత కాలమునకు మాంసము కావలెనని ప్రజలు గుడారముల ద్వారములయొద్ద ఏడ్చినప్పుడు, అదే మోషే ఈ జనమంతటిని నేనొక్కడనే మోయలేనని దేవునితో మొఱపెట్టి, ఇంతకంటె చావు మేలని కోరుకొనెను. ధర్మశాస్త్రము చేతపట్టినవాడే ఈ మాట అనెను! దేవుడు అతనిని గద్దింపలేదు. అవిశ్వాసివి అనలేదు. నీ స్థానము మరియొకనికి ఇచ్చెదను అనియు అనలేదు. డెబ్బదిమంది పెద్దలను పోగుచేయుమనెను. మోషే స్థానము మోషేకే ఉండెను, భారము మాత్రము పంచబడెను. ఈ రెండు మాటలు మనస్సులో ఉంచుకొని ముందుకు పోవుదము.

న్యాయవాద వృత్తి మనస్సును ఎందుకు అంతగా నలుపును? రైతుకు వర్షము ఎదురు తిరుగవచ్చును గాని, అతడు నాటిన ప్రతి మొక్కను పీకుటకు జీతమిచ్చి పెట్టుకొన్న మనిషి పొలములో నిలువడు. ప్లీడరుకైతే అతడు పలుకు ప్రతి మాటను ఖండించుటకే ఎదుట ఒకడు నిలుచుండును. ఒక తేదీ దాటినయెడల ఒక కుటుంబము ఆస్తి పోవచ్చును. ఒక మాట జారినయెడల ఒకడు జైలులో మిగిలిపోవచ్చును. హత్య కేసులోని ఛాయాపటములు, చెరుపబడిన పిల్లల వాఙ్మూలములు అతడు చదివియే తీరవలెను. కక్షిదారుడు నమ్మి చెప్పిన రహస్యమును బయట పెట్టకుండుట చట్టము అతనిమీద పెట్టిన విధి. భార్యతోనైనను దానిని చెప్పరాదు. ఇట్లు ఏండ్ల తరబడి ఇతరుల రహస్యములు దాచుటకు అలవాటుపడినవాడు, తన నొప్పిని కూడ ఒక రహస్యముగానే దాచుకొనును. కాని అతని నొప్పి కక్షిదారుని రహస్యము కాదు. దానిని చెప్పకూడదని ఏ చట్టమును చెప్పలేదు.

కొత్తగా నల్లకోటు తొడిగిన పల్లెటూరి బిడ్డ సంగతి మరియు కష్టము. తండ్రి ప్లీడరు కాడు, తాత ప్లీడరు కాడు, కేసులు తెచ్చువారు లేరు. సీనియరు గారి యొద్ద ప్రొద్దుటనుండి రాత్రివరకు పని, చేతికి వచ్చునది కొంచెము. 2024 అక్టోబరులో భారత బార్ కౌన్సిలు వారు జూనియర్లకు పట్టణములలో నెలకు 20,000 రూపాయలు, గ్రామీణ ప్రాంతములలో 15,000 రూపాయలు కనీసముగా ఇవ్వవలెనని సలహా ఇచ్చిరి. అది సలహా మాత్రమే, శాసనము కాదు. ఇంటివారేమో "లాయరు అయితివి గదా, ఇంకను డబ్బు పంపవేమి?" అని అడుగుదురు. ఆ బిడ్డ ఎవరితో చెప్పుకొనును?

అమెరికా దేశములో దాదాపు 12,800 మంది న్యాయవాదులను విచారించి 2016లో ప్రకటించిన ఒక పరిశోధన కలదు. వారిలో నూటికి 28 మందికి మనోవ్యాకులత, 19 మందికి అధికమైన ఆందోళన లక్షణములు కనబడెను. అయిదుగురిలో ఒకరికి త్రాగుడు హాని చేయు స్థితికి వచ్చియుండెను. సహాయమేల కోరలేదని అడుగగా, ఎక్కువమంది చెప్పిన కారణములు రెండు: ఇతరులకు తెలియుననియు, సంగతి బయటికి పొక్కుననియు. అనగా వారిని వైద్యునికి దూరముగా ఉంచినది, అన్నిటికంటె ఎక్కువగా, సాటివారి కన్నుల భయమే.

ఇక్కడ ఒకరు న్యాయముగానే అడుగవచ్చును: "అయ్యగారూ, నా భూమి కాగితములు మనస్సు చెదరినవాని చేతిలో ఎట్లు పెట్టుదును? దయ చూపుట మంచిదే గాని, నా దయకు నా బిడ్డలు నష్టపోవలెనా?" ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. కక్షిదారునికి మెలకువతో పనిచేయు ప్లీడరును పొందు హక్కు నిశ్చయముగా కలదు. మోయలేని స్థితిలో నున్నవాడు కేసును సకాలములో మరియొకరికి అప్పగించుట ధర్మము. కాని ఆలోచింపుడి. నోరు మూయించుటవలన ఆ హక్కు కాపాడబడునా? జ్వరము వచ్చిన ప్లీడరు వాయిదా అడుగును, ఎవరును అతనిని చులకన చేయరు. మనస్సు క్రుంగిన ప్లీడరు మాత్రము జ్వరమని చెప్పియే వాయిదా అడుగవలసివచ్చును. అట్లు దాచినవాడు చికిత్స లేక, తోడు లేక, మన కాగితములు చేతిలో పట్టుకొనియే కూలిపోవును. చెప్పగలిగినవాడు చికిత్స పొందును, పని పంచుకొనును, సమయమునకు తిరిగి నిలుచును. యిత్రో చెప్పినది ఇదే గదా. మోయువాడు నలిగినప్పుడు ప్రజలును నలుగుదురు. కాబట్టి మోయువానిని ఆదరించుట కక్షిదారునికి నష్టము కాదు, అతనికి కావలియే.

ఇందుకు పూర్వపు మనుష్యులు ఇద్దరిని చూడుడి.

విలియం కౌపర్ ఇంగ్లండు దేశమున 1731లో ఒక పాదిరిగారి ఇంట పుట్టెను. లా చదివి 1754లో బారిస్టరుగా చేరెను. 1763లో బంధువుల సహాయముచేత ప్రభువుల సభలో ఒక గుమాస్తా ఉద్యోగము దొరకు అవకాశము వచ్చెను. అయితే దానికై సభ యెదుట నిలిచి పరీక్ష ఇయ్యవలెనని తేలెను. నెలల తరబడి ఆ దినమును తలంచుకొని భయపడి, తుదకు ప్రాణము తీసికొనుటకు యత్నించెను. ఆయనను సెయింట్ ఆల్బన్స్ ఊరిలో కాటన్ అను వైద్యుని చికిత్సాగృహమునకు తీసికొనిపోయిరి. ఆ వైద్యుడు దయగలవాడు. రోమీయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయము కౌపర్‌కు వెలుగైనది ఆ వైద్యుని ఇంటనే. వైద్యమా, వాక్యమా అని మనము తగవులాడుదుము గాని, ఆయనకు రెండును ఒక్క కప్పు క్రిందనే దొరికెను.

తరువాత ఆయన ఓల్నీ గ్రామమునకు వచ్చి, ఒకప్పుడు బానిసల ఓడకు కెప్టెనుగా నుండిన జాన్ న్యూటన్ పాదిరిగారి పొరుగున నివసించెను. 1773లో వ్యాధి మరల వచ్చెను. న్యూటను గారు ఆయనను ఒక సంవత్సరమునకు పైగా తమ ఇంటనే ఉంచుకొనిరి. 1779లో అచ్చయిన ఓల్నీ కీర్తనలలో అరువదికి పైగా కౌపర్ వ్రాసినవే. యేసు రక్తపు ఊటను గూర్చిన ఆయన కీర్తనను ఇంగ్లీషు సంఘములవారు నేటికిని పాడుచున్నారు.

ఇది సంతోషాంతమైన కథ అని చెప్పి మిమ్మును మోసపుచ్చను. తాను దేవునిచేత విడువబడితినను తలంపు కౌపర్‌ను 1800లో చనిపోవువరకు పూర్తిగా విడువలేదు. స్నేహితులు ఆయనను బాగుచేయలేకపోయిరి. అయినను బాగుపడినప్పుడే నీకు చోటు అనలేదు. చోటు ముందే ఇచ్చిరి. ఆ చోటులోనుండియే ఆయన కీర్తనలును, బానిసత్వమునకు విరోధమైన పద్యములును వచ్చెను.

కౌపర్ లాయరు పని విడిచెను గనుక, మనస్సు క్రుంగినవారందరును విడువవలెనా? అబ్రాహాము లింకను సంగతి వేరు. 1841 జనవరిలో ఇల్లినాయి రాష్ట్రమందు లాయరుగా నున్న ఆయనను గాఢమైన దుఃఖము పట్టుకొనెను. ఆయన ప్రాణమునకేమగునో అని స్నేహితులు భయపడిరి. తన దుఃఖమును ఆయన దాచలేదు. తాను తిరిగి కోలుకొందునో లేదో తెలియదని తన భాగస్వామియైన లాయరు స్టువర్టుకు ఉత్తరము వ్రాసెను. అదే సంవత్సరము స్టీఫెన్ లోగను అను మరియొక లాయరు ఆయనను తన భాగస్వామిగా చేర్చుకొనెను. ఆ క్రుంగుదల జీవితమంతయు ఆయనను వెన్నాడెను. అయినను ఇంక ఇరువది ఏండ్లు న్యాయవాదిగా పనిచేసి, 1861లో ఆ దేశమునకు అధ్యక్షుడాయెను. చేతకాదని 1841లోనే ఆయనను ప్రక్కకు నెట్టియుండినయెడల నష్టమెవరిదై యుండును?

మన దేశపు చట్టము ఈ సంగతిలో మన హృదయములకంటె ముందు నడచుచున్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చెను. ఒకనికి మానసిక వ్యాధి ఉన్నదని తేలినంతమాత్రమున అతడు మతి స్థిమితము లేనివాడని ఎంచరాదనియు, అది తగిన కోర్టు తేల్చవలసిన వేరు సంగతియనియు ఆ చట్టము చెప్పుచున్నది. ప్రాణము తీసికొనుటకు యత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉండెనని, వేరుగా రుజువైతే తప్ప, భావించి, శిక్షకు బదులు సంరక్షణ ఇయ్యవలెననియు చెప్పుచున్నది. 2025 మార్చి 3న సుప్రీముకోర్టు, చూపు లేదను కారణముచేత ఎవరిని న్యాయాధికారి ఉద్యోగమునకు అనర్హునిగా త్రోసివేయరాదని తీర్పు చెప్పెను. కన్నులు కనబడనివాడు న్యాయపీఠముమీద కూర్చుండవచ్చునన్నప్పుడు, మనస్సు గాయపడి చికిత్స పొందినవాడు ఆ పీఠము యెదుట నిలిచి వాదింపరాదా?

చట్టము తలుపు తెరువగలదు గాని, లోపలికి వచ్చినవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనునది మనుష్యులే. కాబట్టి మన వంతు ఏమి?

మొదట, క్రుంగినవాని చూచి "విశ్వాసము చాలలేదు", "రహస్య పాపమేదో ఉన్నది" అను మాటలు మన నోట రానియ్యవద్దు. దేవుడు మోషేతో అనని మాట మనమేల అనవలెను? రెండవది, లా చదువు బిడ్డల తల్లిదండ్రులు డబ్బు సంగతి అడుగుటకు ముందు, భోజనము సంగతియు నిద్ర సంగతియు అడుగవలెను. వాడు చాలాకాలము మాట తగ్గించినయెడల, పండుగకు రానన్నయెడల, త్రాగుడు మొదలుపెట్టినయెడల, ఒకరు బయలుదేరి వెళ్లి చూడవలెను. మూడవది, కక్షిదారులమైన మనము రాత్రి పదిగంటలకు ఫోను చేసి కేకలు వేయుటయు, ఓడినప్పుడు "అమ్ముడుపోయినాడు" అని ఊరంతయు చాటుటయు మానవలెను. నాలుగవది, దగ్గరలో తోడు లేనివారు 14416 అను నంబరుకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన ఈ టెలి మానస్ సేవ రాత్రింబగళ్లు, తెలుగులో కూడ, ఉచితముగా దొరకును. చావవలెనను తలంపు కలిగినవారిని ఒంటరిగా విడువక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో పౌలు ఒకరి భారములు ఒకరు భరింపుడని చెప్పి, వెంటనే ప్రతివాడును తన బరువు తానే మోసికొనవలెనని చెప్పుచున్నాడు. రెండును నిజమే. ప్లీడరు తన కేసు తానే చదువవలెను, తన వాదము తానే వినిపింపవలెను, ఆ బరువు అతనిదే. కాని ఆ బరువు క్రింద అతని మోకాళ్లు వణకినప్పుడు, భుజము పట్టుకొనుట ప్రక్కనున్నవాని పని. ఈసారి మీరు కాగితముల కట్ట పట్టుకొని ప్లీడరు గారి గుమ్మమెక్కినప్పుడు, మీ సంగతి చెప్పుటకు ముందు "అయ్యా, మీరు బాగున్నారా?" అని అడుగుడి. అడిగి, ఆయన ఉత్తరమిచ్చువరకు ఆగుడి.