తీరం దాటాక

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. చాలామందిలాగే నేనూ ఫోన్లో మ్యాప్ చూస్తూ కూర్చుని, 'బలహీనపడుతోంది' అన్న మాట కనబడగానే హమ్మయ్య అనుకుని పడుకున్నాను. మర్నాడు తెలంగాణలో అసలు వాన పడింది. హనుమకొండ, వరంగల్ మునిగాయి. ఇటు నల్లమల వైపు అమ్రాబాద్, అచ్చంపేట, ఉప్పునుంతలల్లో కుండపోత. డిండి పొంగి రోడ్డు తెగింది, హైదరాబాద్–శ్రీశైలం రాకపోకలు ఆగిపోయాయి.

నరసాపురం నుంచి అమ్రాబాద్‌కి సూటిగా గీత గీస్తే సుమారు 300 కిలోమీటర్లు. వానకోసం మొగులు చూసే మెట్ట ప్రాంతం అది. అక్కడ తుపానంటే టీవీలో కనబడే సముద్రం సంగతి. అలాంటి చోటికి తుపాను వచ్చింది, కాకపోతే అప్పటికి దాని పేరు తుపాను కాదు.

మన దగ్గర తుపాను అనిపించుకోవాలంటే గాలి వేగం గంటకి కనీసం 62 కిలోమీటర్లుండాలి. అంతకన్నా తగ్గితే తీవ్ర వాయుగుండం, ఇంకా తగ్గితే వాయుగుండం. ఈ మెట్లలో ఎక్కడా వాన లెక్క లేదు. నేల మీదికి వచ్చాక వెచ్చటి సముద్రం ఇచ్చే శక్తి ఆగిపోతుంది, రాపిడికి గాలి తగ్గుతుంది. కానీ మోసుకొచ్చిన తేమ ఎక్కడికీ పోదు, ఎక్కడో ఒకచోట దిగాలి. ఒక ఎకరం మీద 10 సెంటీమీటర్ల వాన అంటే నాలుగు లక్షల లీటర్ల నీళ్ళు. అక్టోబరు చివర్లో ఆ ఎకరంలో విచ్చుకున్న పత్తి ఉంటుంది.

కాబట్టి 'బలహీనపడింది' అన్నది అబద్ధం కాదు. గాలి విషయంలో నిజం. పత్తి రైతు విషయంలో మాత్రం అది ఏమీ చెప్పని నిజం.

ఆఫీసులో మేమూ ఇదే పని చేస్తాం. ఒక గీత పెడతాం, గ్రాఫ్ దాన్ని దాటితే అలర్ట్, కిందికి దిగితే టికెట్ క్లోజ్. క్లోజ్ అయిందంటే సమస్య తీరిందని కాదు, మేం కొలిచేది సర్దుకుందని. ఈ రెండూ ఒకటే అనుకోవడం ఎంత హాయిగా ఉంటుందో నాకు బాగా తెలుసు.

వాన వెలిశాక రైతుకి ఎదురయ్యేవీ గీతలే. పంట నష్టం 33 శాతం దాటితేనే సాయానికి అర్హత. 32 అయితే లేదు. పత్తిలో తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు. ఇక పాస్‌బుక్ పట్టాదారు పేరు మీద ఉంటుంది కాబట్టి, కౌలు రైతు నష్టానికి చాలాసార్లు కాగితం మీద చోటే ఉండదు. ఒక్కో గింజా తీసేస్తూపోతే కుప్ప ఎప్పుడు కుప్ప కాకుండా పోతుందని గ్రీకులు అడిగారు. వాళ్ళకది తర్కంలో చిక్కు. 32 శాతం దగ్గర ఆగిపోయిన రైతుకి అది యాసంగి పెట్టుబడి.

మరి గీతలే వద్దా? అలా అనలేను. గీత లేకపోతే సర్వేకి వచ్చినవాడి దయ మీద బతకాలి. తెలిసినవాడికి ఎక్కువ, తెలియనివాడికి సున్నా. పలుకుబడి లేనివాళ్ళకి ఆ మాత్రం గీతే రక్షణ. నేను కాదనేది గీతని కాదు, గీత గీయడంతో మన పూచీ తీరిందనుకోవడాన్ని. ఎవరికి సాయం అందించాలో గీత చెప్పగలదు. ఎవరు దెబ్బతిన్నారో చెప్పలేదు. ఆ రెండో ప్రశ్నకి జవాబు వెతకాలంటే గీతకి అవతల ఉన్నవాళ్ళ దగ్గరికి మనిషే వెళ్ళాలి.

పైగా గీత ప్రకృతి పెట్టింది కాదు. ఆ 33 శాతం 2015కి ముందు 50 ఉండేది. అంటే అంతకుముందు ఏడాది 40 శాతం పంట పోయిన రైతు లెక్కలో నష్టపోనివాడు. పొలం మారలేదు, వాన మారలేదు, ఎవరో మళ్ళీ ఆలోచించారు. ఆలోచిస్తే జరిగే గీత ఉన్నచోటే ఉందంటే, దాన్నక్కడ ఉంచడం కూడా ఎవరో ఒకరి నిర్ణయమే. అందులో చూసి ఊరుకున్న మన వంతూ ఉంటుంది.

ఆ రాత్రి నేను పడుకోవడం తప్పేం కాదు. మేలుకుని ఉన్నా డిండిని ఆపేవాణ్ణి కాదు. కానీ ఆ 'హమ్మయ్య' ఎవరి తరఫున అనుకున్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఈసారి 'బలహీనపడింది' అని చదివినప్పుడు, అది ఇంకా ఎటు వెళ్తోందో కూడా చూడాలి.