ఆమె భయాన్ని నమ్మడం

స్త్రీల భయాన్ని అమ్ముకునే సినిమాలను మనమెందుకు చూడాలి? స్త్రీవాదం చదువుకున్న మనిషి హారర్ సినిమాలు ఇష్టమంటే స్నేహితురాళ్ళు అడిగే ప్రశ్న ఇది. కొట్టిపారేసేది కాదు. ఒక స్త్రీ వణికిపోతుంటే చూసి ఆనందించడం నైతికమేనా అన్నదే అందులోని అసలు సందేహం.

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’ (1962) గుర్తొస్తుంది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో విద్యా, పారిశ్రామిక చిత్రాలు తీసే హెర్క్ హార్వీ దాన్ని సుమారు 33 వేల డాలర్లతో తీశాడు. పాలిపోయిన ముఖంతో వెంటాడే దెయ్యం వేషమూ తనే వేశాడు. సాల్ట్ లేక్ ఒడ్డున పాడుబడ్డ సాల్టెయిర్ వినోదశాలే అతని దెయ్యాల కొంప.

నాయిక మేరీ హెన్రీ చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది. కారు వంతెన మీంచి నదిలో పడితే తానొక్కతే బయటపడి, కొత్త ఊళ్ళో ఉద్యోగానికి వెళ్తుంది. చర్చి ఆమెకి జీతమిచ్చే చోటు మాత్రమే. మగతోడు అక్కర్లేదు. ఈ రెండింటినీ చుట్టూ ఉన్నవాళ్ళు భరించలేరు. ఎదురుగదిలో అద్దెకుండేవాడు వెంటపడతాడు. డాక్టరు ఆమె మనసుకి తనే అర్థం చెబుతాడు. పాస్టరు ఆమె సంగీతం అపవిత్రమని ఉద్యోగం తీసేస్తాడు.

బట్టల దుకాణంలో కొత్త గౌను వేసుకు చూసుకుంటుండగా చుట్టూ శబ్దాలు ఆగిపోతాయి. ఆమె మాట ఎవరికీ వినపడదు. ఎవరూ ఆమెని చూడరు. పైసా ఖర్చులేని ఉపాయం. సిలబస్ కమిటీలో నేనన్న మాట గాల్లో కలిసిపోయి, పది నిమిషాల తర్వాత అదే మాట మగ సహోద్యోగి నోట వస్తే అందరూ తలలూపడం చూసినదాన్ని. ఆ దృశ్యంలో నాకు మాయ ఏమీ కనపడదు.

డబ్బుంటే దెయ్యాన్నీ, చీలిన దేహాన్నీ చూపించవచ్చు. అప్పుడు ఆమె ప్రదర్శన, మనం ప్రేక్షకులం. ఇక్కడ అందుకు డబ్బు లేదు. కెమెరా ఆమె పక్కనే నిలబడి, ఆమెకి వినిపించినదీ వినిపించనిదీ మనకి చేరుస్తుంది. అలాగని పేదరికమే సుగుణం కాదు. స్త్రీ దేహాన్నే పెట్టుబడిగా పెట్టుకున్న చవక సినిమాలు కొల్లలు. తేడా డబ్బులో లేదు, కెమెరా ఎవరి పక్షాన నిలబడిందన్న దానిలో ఉంది. ఒకరి భయాన్ని చూడడం వేరు, నమ్మడం వేరు.

ముగింపు మాత్రం నన్ను ఇబ్బంది పెడుతుంది. నదిలోంచి తీసిన కారులో మేరీ శవం ఉంటుంది. ఎవరి తోడూ కోరని స్త్రీ అసలు బతికున్నట్టే కాదని సినిమా తీర్పు చెప్పినట్టుంది. ఆ తీర్పుతో నాకు పేచీ ఉంది. అయినా అంతకు ముందు గంటకు పైగా, డాక్టరూ పాస్టరూ నమ్మని మనిషిని మనం నమ్మి కూర్చున్నాం.

ఆ నమ్మకం హాల్లోనే ఆగిపోతే మనం పొందిన ఆనందం నిజంగానే అనైతికం. ఎవరో వెంటపడుతున్నారని ఒక విద్యార్థిని మన గదికొచ్చి చెప్పినప్పుడు ‘సాక్ష్యమేదీ’ అని మొదలుపెడతామా, కూర్చోబెట్టి వింటామా? నా స్నేహితురాళ్ళ ప్రశ్నకి జవాబు అక్కడ తేలాలి.