అద్దం కింద ఎవరున్నారు?

ఇంట్లో ఏదైనా వస్తువు పాడైందంటే చాలు, అంతవరకూ కలిసిమెలిసి కాఫీలు తాగుతున్నవాళ్ళు రెండు పార్టీలుగా చీలిపోతారు. "బాగుచేయిస్తే సరిపోతుంది" అనేవాళ్ళు ఒకవైపు, "తీసి అవతల పారేసి కొత్తది కొందాం" అనేవాళ్ళు ఇంకోవైపు. సాధారణంగా మొదటి పార్టీలో పెద్దవాళ్ళూ, రెండోదాంట్లో పిల్లలూ ఉంటారు. ఇల్లాలేమో శాసనసభలో స్పీకరు లాంటిది. అందరి మాటా వినాలి, ఎవరి పక్షమూ చేరకూడదు, చివరికి మాట మాత్రం రెండు పక్షాలచేతా పడాలి.

గొడుగో, మిక్సీయో అయితే ఈ తగువు ఒక పూటతో తేలిపోతుంది. మా అత్తగారు ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించుకుంటూ ఒక జీవితం గడిపేశారు. మా అమ్మాయి మూత విరిగితే డబ్బాని కూడా పారేస్తుంది. ఇద్దరి సంసారాలూ లక్షణంగానే సాగాయి. కాబట్టి పొదుపు గొప్పదా, కొత్తదనం గొప్పదా అన్న చర్చలోకి నేను దిగను. నాకు పట్టుకున్న ప్రశ్న వేరు. ఏది బాగుచెయ్యాలో, ఏది మార్చాలో ఎవరి వైపునుంచి చూసి తేల్చాలి?

ఈ ప్రశ్న మా ఇంటికి కారెక్కి వచ్చింది.

మాది రామతీర్థం. విజయనగరానికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. సంక్రాంతికి మా అమ్మాయీ, అల్లుడూ, మనవరాలూ విశాఖపట్నం నుంచి కొత్త కారులో వచ్చారు. ఆ కారుకి నడినెత్తిన ఒక అద్దపు కిటికీ ఉంది. సన్‌రూఫ్ అంటారు దాన్ని. మీట నొక్కితే పక్కకి జరుగుతుంది, ఆకాశం కనిపిస్తుంది. "ఆకాశం చూడ్డానికి కారెందుకే, వీధరుగు చాలదూ?" అన్నారు మా అత్తగారు. ఆవిడ మాట చెట్టు కూడా విన్నదేమో, ఆ రాత్రే పెరటి కొబ్బరిచెట్టు ఒక కాయని తిన్నగా ఆ అద్దం మీదికి వదిలింది.

అదృష్టం కొద్దీ అద్దం పగల్లేదు. అంచున వేలిగోరంత పెచ్చు లేచింది. మర్నాడు కారు కడుగుతుంటే లోపల వెనక సీటు మీద నాలుగు నీటిచుక్కలు కూడా పడ్డాయి. ఇంకేం, పార్టీలు సిద్ధం. "ఇంతదానికి గాభరా ఎందుకు? కాస్త గమ్ము రాసి పైన టేపు అంటిస్తే పదేళ్ళు ఉంటుంది" అన్నారు మా వారు. అల్లుడు కారు కొన్నచోటికి ఫోను చేశాడు. వాళ్ళు అద్దం, చట్రం, మోటారు మొత్తం ఒక్కసారే మార్చెయ్యడం మంచిదని, అయిదంకెల లెక్క ఒకటి చెప్పారు. మా వారి మొహంలో రక్తం లేదు.

చివరికి కార్ల అద్దాలు బిగించే మేస్త్రీ ఒకాయన్ని విజయనగరం నుంచి పిలిపించాం. ఆయన పైకెక్కి చూసి, కిందికి దిగి, లోపలికి దూరి, అన్నీ అయ్యాక ఇలా విడమర్చి చెప్పాడు.

నీళ్ళు కారడానికీ అద్దానికీ సంబంధమే లేదట. సన్‌రూఫ్ చుట్టూ వానచుక్క పడనివ్వకుండా బిగించిన రబ్బరు ఉంటుందని మనం అనుకుంటాం. నిజానికి కొన్ని నీళ్ళు లోపలికి వస్తాయనే ఉద్దేశంతోనే దాన్ని తయారుచేస్తారు. చుట్టూ సన్నని కాలవ ఉంటుంది. దాని మూలల నుంచి చిన్న గొట్టాలు కారు స్తంభాల లోపలగా కిందికి దిగుతాయి. మన డాబా మీద తూములాగే. వేపాకులు, దుమ్ము చేరి ఆ గొట్టం పూడిపోయింది. శుభ్రం చేస్తే చాలు.

చట్రానికీ, మోటారుకీ ఏమీ కాలేదు. వాటి జోలికి పోనక్కర్లేదు.

ఇక అద్దం. "ఇది మాత్రం ఉంచకూడదమ్మా" అన్నాడాయన. మా వారు ఊరుకోలేదు. "కిందటేడు మా తమ్ముడి కారు ముందద్దానికి రాయి తగిలితే ఏదో జిగురు నింపి బాగుచేశారే? అదీ అద్దమే కదా!"

అక్కడే ఉంది అసలు కిటుకు. ముందద్దం రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది. దెబ్బ తగిలినా ఆ పొర పట్టుకుని ఉంటుంది. చిన్న పెచ్చయితే రసాయనం నింపి గట్టిపరచొచ్చు. కొన్ని కార్లకు పైన కూడా అలాంటిదే వేస్తారు. మా అల్లుడి కారుది అది కాదు. బాగా కాల్చి, ఒక్కసారిగా గాలితో చల్లార్చి గట్టిపరిచిన ఒంటి పలక. పైకి మహా బలంగా ఉంటుంది కానీ, లోపల ఎప్పుడూ ఒక బిగువు దాచుకుని ఉంటుంది. దానికి అంచే ఆయువుపట్టు. అంచున దెబ్బ తగిలాక ఈరోజే పగలొచ్చు, ఏడాదికి పగలొచ్చు, ఎండకో కుదుపుకో ఏ కారణమూ కనపడకుండా పగలొచ్చు. పగిలిందంటే ఒక చీలికతో ఆగదు, మొత్తం చిన్నచిన్న ముక్కలై రాలిపోతుంది. టేపు ఆ బిగువుని పోగొట్టలేదు.

ఇంత చెప్పి ఆయన అడిగాడు: "ఈ అద్దం కింద ఎవరు కూచుంటారమ్మా?"

వెనక సీటు మధ్యలో కూచునేది మా అయిదేళ్ళ మనవరాలు. చందమామ కారుతో పాటు పరిగెత్తుతున్నాడా లేదా అని మెడ పైకెత్తి చూస్తూ కూచుంటుంది. ఆ మాటతో తగువు ముగిసింది. అద్దం మార్చాం, గొట్టం శుభ్రం చేయించాం, తక్కినవి ఉంచేశాం. బీమా లెక్కలు కూడా చూశాం. మామూలు పాలసీలో అద్దానికి తరుగు కొయ్యరు, రబ్బరు, ప్లాస్టిక్ సామానుకైతే సగం కోస్తారు. అడిగి తీసుకుంటే ఏటేటా పెరుగుతూ వచ్చే బోనసు పోతుంది. అవన్నీ కాయితం మీద వేసుకోవలసిన లెక్కలే. కానీ నిర్ణయం తేల్చింది ఆ లెక్కలు కాదు, మేస్త్రీ వేసిన ప్రశ్న.

ఆలోచించి చూడండి. టేపు చాలన్న మా వారు ఆ అద్దం కింద కూచోరు. మొత్తం మార్చెయ్యమన్నవాళ్ళూ కూచోరు. ఒకరికి డబ్బు మిగలాలి, ఒకరికి డబ్బు రావాలి. మధ్యలో నోరులేని పాప ఉంది. మరమ్మతా, మార్పా అన్నది వస్తువుని బట్టి తేలదు, దాన్ని నమ్ముకుని దాని కింద కూచున్నవాళ్ళని బట్టి తేలుతుందని నాకప్పుడు తట్టింది.

కారు అద్దం నుంచి దేవుడి దాకా వెళ్ళడం అపచారమనుకోకండి. ఇదే ప్రశ్న మా ఊరిని ఒకసారి కన్నీళ్ళు పెట్టించింది. 2020 డిసెంబరు నెలాఖర్లో మా బోధికొండ మీది కోదండరాముడి గుడిలో ఎవరో దుర్మార్గులు స్వామి శిరస్సు ఖండించారు. వెదగ్గా వెదగ్గా ఆ శిరస్సు కొండమీది కొలనులో దొరికింది. ఆ రోజుల్లో మా వీధిలో పొయ్యిలు వెలిగాయన్న మాటే గాని, ఎవరికీ ముద్ద దిగలేదు. "దొరికింది కదా, అతికించి మళ్ళీ నిలబెట్టలేరా?" అని అడగని ఆడది లేదు.

శాస్త్రం ఒప్పుకోదన్నారు పెద్దలు. ఏ వేలి కొసో, నగ అంచో విరిగితే బాగుచెయ్యవచ్చు గాని, శిరస్సు వంటి ప్రధానమైన అంగం పోయిన మూర్తి పూజకు పనికిరాదు. అగ్నిపురాణంలో జీర్ణోద్ధారానికి ఒక అధ్యాయమే ఉంది. పాడైన కొయ్యమూర్తిని అగ్నికి, రాతిమూర్తిని నీటికి అప్పగించమంటుంది. తిరుమల తిరుపతి దేవస్థానం వారు కొత్తగా సీతారామలక్ష్మణుల విగ్రహాలు చెక్కించి పంపారు. 2021 జనవరిలో వాటిని కింద బాలాలయంలో ఉంచారు. కొండమీద గుడి మళ్ళీ రాతితో కట్టి, 2022 ఏప్రిల్లో ప్రతిష్ఠ చేశారు. "కొత్త ఇగ్రహమైతే ఏటి తల్లీ, రాముడు పాతోడే కదా!" అంది మా ఇంటికి పాలుపోసే ముసలామె. నేను చదివిన పుస్తకాలేవీ అంత తేలిగ్గా నాకు చెప్పలేదు ఆ మాట.

అయితే శాస్త్రం ఉన్నచోటే దానికి ఎదురు జవాబూ ఉంది. కలకత్తా దగ్గర దక్షిణేశ్వరంలో రాణీ రాసమణి 1855లో గుడి కట్టించింది. అక్కడ ఒకనాడు పూజారి జారిపడితే కృష్ణుడి విగ్రహం పాదం విరిగింది. గంగలో వదిలేసి కొత్తది చేయించమన్నారు పండితులు. రామకృష్ణ పరమహంస మాత్రం, రాణిగారి అల్లుడికి కాలు విరిగితే వైద్యం చేయిస్తారా, అతన్ని వదిలేసి కొత్త అల్లుణ్ణి తెచ్చుకుంటారా అని అడిగారు. తన చేతులతోనే ఆ పాదం అతికించారు కూడా.

మూడో జవాబు మళ్ళీ మా ఊళ్ళోనే ఉంది. బోధికొండకు ఎదురుగా గురుభక్తులకొండ. దానిమీద బౌద్ధ విహారాల శిథిలాలు, సగం కూలిన ఇటుక గోడలు. పురావస్తు శాఖవారి రక్షణలో ఉన్నాయి. "కాస్త సిమెంటు వేసి కట్టెయ్యకూడదూ?" అంటుంది మా అమ్మాయి. కట్టకూడదు. ఆ శాఖను చాలాకాలం నడిపిన జాన్ మార్షల్ 1923లో ఒక పుస్తకమే రాశాడు. ఉన్నదాన్ని నిలబెట్టండి, పోయినదాన్ని ఊహించి కట్టకండి అన్నది దాని సారం. కూలిన గోడే అక్కడ సాక్ష్యం. కొత్త ఇటుక పెడితే సాక్ష్యం చెదిరిపోతుంది.

మార్చమని ఒకరు, అతకమని ఒకరు, అలాగే ఉంచమని ఒకరు. ముగ్గురిలో తప్పు ఎవరిదండీ? ఎవరిదీ కాదు. మా కొండమీద నిలబడి మొక్కుకునే వేలమందికి కొరత లేని రాముడు కావాలి. దక్షిణేశ్వరంలో దేవుణ్ణి ఇంటిమనిషిలా ప్రేమించే ఒక భక్తుడికి ఆ కృష్ణుడే కావాలి. గురుభక్తులకొండమీదికి రేపు చదువుకోవడానికి వచ్చే పిల్లలకు నిజం కావాలి. ముగ్గురూ ఆ రాతి కింద కూచున్నవాళ్ళ వైపునుంచే చూశారు.

ఇంకొక పోలిక కూడా ఉంది. వీళ్ళెవరూ పాతదాన్ని ఈసడించలేదు. పూరీ జగన్నాథుడి కొయ్యమూర్తులను కొన్నేళ్ళకొకసారి మారుస్తారని మన ప్రాంతంవాళ్ళకు తెలియనిది కాదు. కడపటిసారి 2015లో జరిగింది. పాత మూర్తులను గుడి ప్రాంగణంలోనే సమాధి చేస్తారు. సేవకులైన దైతాపతులు ఇంట్లో మనిషి పోయినట్టే మైల పడతారు. కొత్తది వస్తున్న సంతోషంలో పాతదానికి చెయ్యవలసింది మరిచిపోరు. మనమేమో అద్దం పగిలిన పటాన్ని చడీచప్పుడు లేకుండా రావిచెట్టు మొదట్లో పెట్టి వచ్చేస్తాం. బాగుచేసినట్టూ కాదు, సాగనంపినట్టూ కాదు. మన బరువు చెట్టుకి అప్పగించడం, అంతే.

ఇదంతా వస్తువుల సంగతి. మనుషుల మధ్య పడిన పగుళ్ళ మాటేమిటి? ఇక్కడ ఒక చిత్రం ఉంది. వస్తువులు పాడైతే మేస్త్రీలు వస్తారు. కాపురాలు పాడైతే మాత్రం మరమ్మతు ఎప్పుడూ ఆడదాని పనే. అందుకు మనందరి దగ్గరా ఒకటే జిగురు ఉంది: "సర్దుకుపో తల్లీ." మా అమ్మ నాకు చెప్పింది, నేను మా అమ్మాయికి చెప్పాను. చాలా కాపురాలకు అది పనికొచ్చింది కూడా, కాదనను. ముందద్దానికి రాయి తగిలినట్టు పైకి పెచ్చు లేచినా, లోపల ప్రేమ అనే పొర గట్టిగా పట్టుకుని ఉన్న కాపురాలు అవి. నాలుగు రోజుల ఓపిక, నాలుగు మంచి మాటలు నింపితే మచ్చ కూడా కనపడదు. అలాంటివాటిని చిన్న అలకకే తెంచుకోవడం, గొట్టం పూడిందని కారంతా మార్చుకోవడం లాంటిదే.

కానీ పైకి పెచ్చు గోరంతే కనిపించి, లోపల భయం బిగుసుకుని ఉన్న ఇళ్ళు కూడా ఉన్నాయి. రోజూ చెయ్యెత్తే మనిషి, రోజూ వణికే పిల్ల. అక్కడ కూడా మనం అదే టేపు తీసుకెళ్ళి అంటిస్తాం. "నలుగురూ ఏమనుకుంటారు?" అంటాం. ఆ నలుగురిలో ఒక్కరైనా ఆ అద్దం కింద కూచునేవాళ్ళేనా? వాళ్ళు టేపు అంటించారో లేదో బయటినుంచి చూసి వెళ్ళిపోతారు. ముక్కలు రాలేది లోపల ఉన్న పిల్ల నెత్తిన.

ఓర్పు మంచిదా, తెంపు మంచిదా అని వాదించుకుని లాభం లేదు. ఏ అద్దమో చూడకుండా చెప్పే సలహా, అతకమన్నా మార్చమన్నా, అది మన సౌకర్యం కోసం చెప్పే సలహాయే. రేపెప్పుడైనా మీ ఇంటి ఆడపిల్ల ఫోనులో గొంతు తగ్గించి "ఏం చెయ్యమంటావమ్మా?" అని అడిగితే, నాలుక చివర ఉన్న మాటని ఒక్క క్షణం ఆపుదాం. "నీ నెత్తిమీద ఏముందో ముందు చెప్పవే" అని అడుగుదాం. అది చెప్పడానికి ఎంతసేపు పట్టినా, పొయ్యిమీద పాలు పొంగిపోయినా సరే, ఫోను పెట్టెయ్యకుండా విందాం.