అన్నదమ్ముల బండ్లు

తొర్రూరులో వరంగల్–ఖమ్మం రోడ్డు పక్కన ఒక మెకానిక్ షెడ్డు ఉండేది. ఆ దగ్గరి పల్లెలో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. ఇద్దరివీ హీరో హోండా స్ప్లెండర్లే, 2008లో ఒకేసారి కొన్నవి. పొలానికైనా, మిర్చి ధర కనుక్కోవడానికి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కైనా వాటి మీదే పోయేవారు.

తమ్ముడు మొదటి నుంచీ మామూలు మినరల్ ఆయిలే పోయించాడు. 3,000 కిలోమీటర్లు తిరిగిందంటే పాత ఆయిల్ దింపించేవాడు. మధ్యమధ్య బండికి సెంటర్ స్టాండ్ వేసి, ఆయిల్ మూత విప్పి, దాని పుల్లను గుడ్డతో తుడిచేవాడు. మర తిప్పకుండా పుల్లను ఊరికే లోపలికి దించి, పైకి తీసి, తడి ఎక్కడిదాకా అంటిందో చూసేవాడు. కింది గీత దాకా రాకుంటే కాస్త పోసేవాడు. నిమిషం పని, కానీ ఇంజన్ ఆయుష్షంతా ఆ నిమిషంలోనే ఉంది.

అన్నకు ఆ ఓపిక లేదు. నడుస్తోంది కదా అని ఏళ్లు గడిపాడు. లోపల ఆయిల్ తారులా నల్లబడింది, మడ్డి పేరుకుంది, సీళ్ల రబ్బరు గట్టిపడింది. ఒక ఎండాకాలం బండి లాగడం తగ్గింది. అన్న కంగారుపడి, షాపులో అన్నిటికన్నా ఖరీదైన సింథటిక్ ఆయిల్ డబ్బా కొని పోయించాడు. ఇక బండి గురించి బెంగ లేదనుకున్నాడు.

కొన్నాళ్లకు గేరు రాడ్డు మొదట్లో నూనె చెమర్చింది. తర్వాత బండి ఆపిన చోటల్లా మరకలు పడ్డాయి. అన్న అప్పుడూ మూత విప్పి చూడలేదు. చివరికి రాయపర్తి దాటాక ఇంజన్ పట్టేసింది.

ఆటోట్రాలీలో బండిని షెడ్డుకు తెచ్చి, అన్న ఆ ఆయిల్‌ను నానా మాటలూ అన్నాడు. మెకానిక్ బదులు చెప్పకుండా ఇంజన్ విప్పాడు. గేరు రాడ్డు సీలును ఊడదీసి అన్న చేతిలో పెట్టాడు. వంచబోతే అది పుటుక్కున విరిగింది. ఇన్నాళ్లూ ఆ సందును మూసి ఉంచింది మడ్డి. కొత్త ఆయిల్ దాన్ని కడిగేసరికి సందు బయటపడింది. మెకానిక్ సీళ్లు, పిస్టన్, రింగులు మార్చాడు. కొత్త రింగులు సర్దుకోవాలని తమ్ముడు వాడే మామూలు ఆయిలే పోశాడు.

ఈ కథలో సింథటిక్ తప్పేమీ లేదు. వేడికి బాగా తట్టుకుంటుంది, సీళ్లు బాగుండి డబ్బా మీద బైకులకు పనికొచ్చే జాసో ఎంఏ గుర్తు ఉంటే పాత బండికీ నిక్షేపంగా పోయవచ్చు. అయితే ఏళ్ల తరబడి చేయని సేవను ఒక్కరోజు డబ్బుతో తీర్చాలనుకున్నాడు అన్న. పాత బండి ఉన్నవారు ఏ ఆయిల్ అని అడిగే ముందు సీళ్లు చూపించుకోవాలి, ఏది పోసినా పుల్ల తీసి చూస్తుండాలి.