ఆమె సహనం, మన నిర్లక్ష్యం

మన ఇళ్ళలో ఓ ఆచారం ఉంది. ఇంటి యజమానికి జ్వరం వస్తే ఆ సాయంత్రానికే డాక్టరు దగ్గరికి వెళతాం. ఇల్లాలికి నెలల తరబడి నీరసంగా ఉన్నా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా ‘అదే తగ్గుతుందిలే’ అంటాం. ఆమె కూడా నోరు విప్పదు. పైగా ‘ఎంత ఓర్పుగల మనిషో’ అని మెచ్చుకుంటాం. ఇది నిజంగా ధర్మం మెచ్చే సహనమేనా? లేక సహనం పేరుతో మనం చేస్తున్న అన్యాయమా?

ముందు వాస్తవాలు చూద్దాం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు పురుషులలో ఇది 25 శాతమే. ప్రతి నెలా రక్తం కోల్పోయే స్త్రీకి ఇనుము ఎక్కువ కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చేసిన సిఫారసు ప్రకారం పురుషునికి రోజుకు 19 మిల్లీగ్రాములు చాలు, స్త్రీకి 29 మిల్లీగ్రాములు అవసరం. కాని దస్తర్‌ఖాన్ మీద జరిగేదేమిటి? మాంసం ముక్కలు మగవారికి, పిల్లలకు వెళతాయి. అందరూ లేచాక మిగిలిన పులుసుతో ఆమె తింటుంది. ఎక్కువ అవసరమైన వారికే తక్కువ అందుతోంది.

ఇప్పుడు సహనం సంగతి. మూర్ఛ రోగంతో బాధపడుతున్న ఒక స్త్రీ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి దుఆ చేయమని కోరింది. ఓర్చుకుంటే స్వర్గం లభిస్తుందని, కోరుకుంటే స్వస్థత కోసం దుఆ చేస్తానని ఆయన (స) ఆమెకు చెప్పారు. ఆమె సహనాన్నే ఎంచుకుంది. అయితే మూర్ఛ వచ్చినప్పుడు తన బట్టలు తొలగిపోకుండా దుఆ చేయమని కోరింది. ఆయన (స) చేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ఈ సంఘటనను మనం సహనం గొప్పతనానికి ఉదాహరణగా చెబుతుంటాం. అందులోని మరో విషయాన్ని గమనించం. ఆమె తన బాధ చెప్పుకుంది, ఆయన విన్నారు, నిర్ణయం ఆమెకే వదిలారు. ఎంచుకునే అవకాశమే లేని చోట దాన్ని సహనమని ఎలా అంటాం? ఆమె తరఫున మనమే సహనాన్ని ఎంచుకునే హక్కు మనకు ఎవరిచ్చారు?

హిజ్రీ 2వ సంవత్సరంలో బద్ర్ యుద్ధం జరిగింది. ఇస్లాం చరిత్రలో అంతకు మించిన కీలక ఘడియ ఏముంది? అప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) సతీమణి, దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) జబ్బు పడి ఉన్నారు. భార్యకు సేవ చేస్తూ మదీనాలోనే ఉండమని దైవప్రవక్త (స) ఉస్మాన్ (రజి)ను ఆదేశించారు. బద్ర్‌లో పాల్గొన్నవారితో సమానమైన పుణ్యం, వాటా ఆయనకు ఇచ్చారు. జబ్బుపడిన భార్య మంచం పక్కన కూర్చోవడం అంతటి పని అయినప్పుడు, ‘దుకాణం వదిలి రాలేను’ అనే మాటకు విలువెంత?

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది, దాన్ని దాటవేయకూడదు. భార్యకు తిండి, బట్ట, ఇల్లు సమకూర్చటం భర్త విధి అన్న పూర్వపు ధర్మవేత్తలలో అత్యధికులు వైద్యం ఖర్చును అందులో చేర్చలేదు. ఆ రోజుల్లో మందు ఎప్పుడో అవసరపడేది, దాని ఫలితమూ అనిశ్చితమే. సిరియాకు చెందిన ధర్మవేత్త వహ్బా జుహైలీ (1932-2015) ఈ కాలంలో వైద్యం కూడా అన్నంలాంటి అవసరమేనని, ఆరోగ్యంగా ఉన్నప్పుడు భార్యతో సుఖించి, జబ్బు చేయగానే పుట్టింటికి పంపడం సత్ప్రవర్తన కాదని వాదించారు. భార్యలతో మంచిగా కాపురం చేయమన్న ఖుర్ఆన్ ఆదేశానికి (4:19) ఈ అభిప్రాయమే దగ్గరగా తోస్తుంది. చట్టం బలవంతం చేయని దాన్ని కూడా విశ్వాసి అంతరాత్మ బలవంతం చేయాలి కదా!

‘మగ డాక్టరు చూడాల్సి వస్తుందేమో’ అని కొందరు ఆగిపోతారు. లేడీ డాక్టరు ఉంటే ఆమె దగ్గరికే వెళ్ళాలి. లేనప్పుడు అవసరం మేరకు మగ డాక్టరుకు చూపించుకోవడాన్ని ధర్మవేత్తలు అనుమతించారు. ప్రాణం కాపాడటం షరీఅతు లక్ష్యాలలో ఒకటి. ‘డబ్బు లేదు’ అనేది చాలా ఇళ్ళలో నిజమే. కాని ఐరన్ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు. భోజనం కాగానే టీ తాగడం మానితే, కూరలో నిమ్మరసం పిండుకుంటే ఒంటికి ఇనుము బాగా పడుతుంది. అందరూ కలిసి కూర్చుని తినడానికైతే పైసా ఖర్చు లేదు.

సోదరీమణులారా! మీ దేహానికి కూడా మీ మీద హక్కుంది. అది అల్లాహ్ అప్పగించిన అమానతు. రోగికి రమజాన్ ఉపవాసాల నుంచే మినహాయింపు ఇచ్చిన ప్రభువు (2:185), మీరు నొప్పిని దాచిపెట్టి కుంగిపోవాలని కోరతాడా? దుఆ చేయండి, మందూ వాడండి. చికిత్స చేయించుకోమన్నది కూడా దైవప్రవక్త (స) బోధనే.

సోదరులారా! ఈ రాత్రి భోజనానికి ముందు ఆమెను ఒక్క మాట అడగండి: ‘నీ ఒంట్లో ఎలా ఉంది?’ ‘బాగానే ఉంది’ అంటే అంతటితో ఊరుకోకండి. ప్రళయదినాన మన సంరక్షణలో ఉన్నవారిని గురించి మనల్ని ప్రశ్నించడం జరుగుతుంది. ‘ఆమె చెప్పలేదు’ అనే జవాబు అక్కడ చెల్లుతుందా?

అల్లాహ్ మన ఇళ్ళలోని స్త్రీలకు ఆరోగ్యాన్ని, మనకు వారి హక్కులు నెరవేర్చే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.