నిండు జలాశయం ఒడ్డున



నంద్యాల జిల్లా వెలుగోడులో నిలబడి నీటి దుబారా గురించి మాట్లాడితే వినేవారికి కొంచెం వింతగా తోచవచ్చు. గాలేరు మీద కట్టిన తెలుగుగంగ జలాశయం ఊరి చెంతనే ఉంది. దాని సామర్థ్యం దాదాపు 17 టి.ఎం.సి.లు. ఒక్క టి.ఎం.సి. అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. శ్రీశైలం నిండిన ఏడాది కట్ట మీదికి ఎక్కి చూస్తే కనుచూపు మేర నీరే. 'ఇంత నీరు పక్కన పెట్టుకుని మనకేం కరువు?' అన్న మాట ఆ సమయంలో ఎవరి నోటికైనా వస్తుంది.

సరిగ్గా ఈ మాటకే పద్నాలుగు వందల ఏళ్ళ క్రితం జవాబు లభించింది. హజ్రత్ సఅద్ (రజి) వుజూ చేసుకుంటున్నారు. అటుగా వచ్చిన దైవప్రవక్త (స) ఆయన ఎక్కువ నీరు వాడటం చూసి, ఈ దుబారా ఏమిటని అడిగారు. వుజూలో కూడా దుబారా ఉంటుందా అని సఅద్ (రజి) ఆశ్చర్యపోయారు. ఉంటుందనీ, పారే నది ఒడ్డున కూర్చుని వుజూ చేసినా ఉంటుందనీ ప్రవక్త (స) బోధించారు. ఇబ్నె మాజాలోని ఈ హదీసు పరంపర విషయంలో హదీసువేత్తల మధ్య చర్చ ఉంది. అయితే దీని భావాన్ని బలపరిచే ప్రవక్త ఆచరణ బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో స్పష్టంగా నమోదై ఉంది. ఆయన ఒక 'ముద్' నీటితో వుజూ, ఒక 'సాఅ' నుంచి ఐదు ముద్‌ల నీటితో స్నానం ముగించేవారు. ముద్ అంటే రెండు చేతుల దోసిలి నిండా పట్టేంత కొలత. ఇప్పటి లెక్కలో సుమారు ముప్పావు లీటరు. ఎక్కువగా లెక్క వేసినా లీటరుకు అటూ ఇటూ.

హజ్రత్ జాబిర్ (రజి)ను కొందరు స్నానం గురించి అడిగితే ఒక సాఅ నీరు చాలన్నారు. నాకు చాలదని ఒకతను అన్నాడు. నీకన్నా ఒత్తుగా జుట్టు ఉన్నవారికి, నీకన్నా ఎంతో శ్రేష్ఠులైన వారికి అది సరిపోయిందని జాబిర్ (రజి) బదులిచ్చారు. ఆయన ప్రస్తావించింది ప్రవక్త (స)నే. ఈ జవాబు ఆనాటి మనిషికే కాదు, కుళాయి పూర్తిగా తిప్పి తీరిగ్గా మిస్వాక్ చేసుకునే మనకు కూడా వర్తిస్తుంది.

ఈ నీరు ఎవరిది?

నది ఒడ్డున పారబోసిన నీటితో ఎవరికి నష్టం? వెలుగోడు జలాశయం చరిత్రే దీనికి జవాబు చెబుతుంది.

ఇందులో ప్రధానంగా నిలిచేది కృష్ణా నీరు. మహారాష్ట్రలో పుట్టి, కర్ణాటక దాటి, శ్రీశైలం చేరి, పోతిరెడ్డిపాడు వద్ద కాలువలోకి మళ్ళి, బనకచర్ల మీదుగా ఇక్కడికి వస్తుంది. ఇక్కడితో ఆగదు. దారిలో పొలాలు తడుపుతూ కడప జిల్లా మీదుగా సోమశిలకు, కండలేరుకు, అక్కడి నుంచి తమిళనాడులోని పూండికి సాగిపోతుంది. చెన్నై దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ వాటాల నుంచి తలా 5 టి.ఎం.సి.లు ఇస్తామని 1976లో అంగీకరించాయి. 1983లో ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వాల మధ్య తెలుగుగంగ ఒప్పందం జరిగింది. 1996లో కృష్ణా నీరు తొలిసారి పూండి చేరింది.

అంటే ఈ జలాశయం మన ఊరి పక్కన ఉన్నా మన ఒక్కరి సొత్తు కాదు. ఇది దారిలో నీరు మజిలీ చేసే చోటు. మనం దాని కాపలాదారులం. ఇస్లామీయ పరిభాషలో చెప్పాలంటే ఇది మన వద్ద ఉంచబడిన అమానతు.

2019 వేసవిలో చెన్నైకి నీరిచ్చే నాలుగు ప్రధాన జలాశయాలు ఎండిపోయాయి. బిందెలు పట్టుకుని జనం ట్యాంకర్ల కోసం వరుసలు కట్టారు. జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీరు తెప్పించుకోవలసి వచ్చింది. మనకు కూడా భరోసా ఏమీ లేదు. శ్రీశైలంలో నీటిమట్టం తగినంత లేకపోతే పోతిరెడ్డిపాడు కాలువకు నీరు అందదు. ఒక ఏడాది సముద్రంలా కనిపించిన జలాశయంలో మరో ఏడాది అడుగున నేల కనిపించవచ్చు. రాయలసీమలో పుట్టినవారికి కరువు సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

దారి పక్కన తన అవసరానికి మించిన నీరు ఉండి కూడా బాటసారికి ఇవ్వనివాడు ప్రళయ దినాన అల్లాహ్ కరుణకు దూరమయ్యే ముగ్గురిలో ఒకడని బుఖారీలో ఉంది. తన చేతులు తయారుచేయని దాన్ని అతను ఆపాడన్నది అతనిపై మోపబడే అభియోగం. మనం ఎవరినీ కాదనలేదు కదా అనుకోవచ్చు. కాని ఆలోచించండి! దాచుకున్న నీరు ఎలా అవతలివాడికి అందదో, మురుగులో పారబోసిన నీరు కూడా అలాగే అందదు.

మస్జిద్ కుళాయి వద్ద

మస్జిద్ నీటి విషయం మరింత సున్నితమైనది. అది వక్ఫ్ సొత్తు. నది నీటినో, సొంత నీటినో వుజూలో దుబారా చేయడం మక్రూహ్ అని చెప్పిన హనఫీ ధర్మవేత్తలు, వక్ఫ్ నీటిని దుబారా చేయడం హరామ్ అన్నారు. దాత ఆ నీటిని శుద్ధి పొందడానికి ఇచ్చాడే గాని పారబోయడానికి ఇవ్వలేదు. నమాజు కోసం బయలుదేరి, నమాజుకు ముందే నిషిద్ధానికి పాల్పడితే మన పరిస్థితి ఏమిటి?

ఒకప్పుడు మన పెద్దలు ఒక బద్నా నీటితో వుజూ ముగించేవారు. ఇప్పుడు ఒక పరీక్ష చేసి చూడండి. ఇంట్లో కుళాయి కింద బకెట్ పెట్టి, రోజూ చేసుకునే తీరులోనే వుజూ చేసుకుని, తర్వాత ఆ నీటిని కొలవండి. పది లీటర్లు వచ్చాయనుకుందాం. లీటరుతో అయ్యే పనికి తొమ్మిది లీటర్లు అదనం. ఐదు పూటలకు 45 లీటర్లు. వందమంది నమాజీలున్న మస్జిద్‌లో రోజుకు 4,500 లీటర్లు. అది బోరు నీరైతే, తోడడానికి కరెంటు కూడా ఖర్చే.

అయితే పొదుపు పేరుతో వుజూను అసంపూర్ణం చేయరాదు. మడమలు పొడిగా వదిలేసినవారిని ప్రవక్త (స) నరకాగ్ని గురించి హెచ్చరించారు. అవయవాలు పూర్తిగా తడవాలి. నీరు వృథా కాకూడదు. ఈ రెండూ కలిస్తేనే సున్నత్.

వలీమా విస్తరిలోనూ నీరే

ఇక మన విందుల సంగతి. వలీమా సున్నత్. అతిథికి ప్రేమతో వడ్డించడం పుణ్యకార్యం. కాని పళ్ళెం నిండా బిర్యానీ వడ్డించుకుని, సగం తిని లేచిపోవడం ఎక్కడి సున్నత్? కింద పడిన ముద్దను సయితం శుభ్రం చేసుకుని తినమనీ, దాన్ని షైతాను కోసం వదలవద్దనీ ప్రవక్త (స) ఆదేశించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది.

ఒక కిలో బియ్యం పండడానికి రెండు వేల లీటర్లకు పైగానే నీరు కావాలి. పావుకిలో బియ్యపు అన్నం పారేస్తే ఐదు వందల లీటర్లు పారేసినట్లే. ఏ కాలువ నీటి కోసం రైతు రాత్రుళ్ళు మడవల దగ్గర కాపు కాశాడో, ఆ నీరే మన ఎంగిలి పళ్ళెంలో ఉంది.

అన్నంతో పాటు ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళేలు, నీళ్ళ పాకెట్లు కుప్పగా పోగవుతాయి. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాల వంటి వాటిని మన దేశంలో 2022 జూలై 1 నుంచి నిషేధించారు. అయినా విందు జరిగిన మర్నాడు కాలువ గట్టుకు వెళ్ళి చూడండి! వాటిని పశువులు నములుతాయి, కాలువ తూములు పూడిపోతాయి. దారిలో నుంచి బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ అని మనం పిల్లలకు నేర్పుతాము. మరి దాన్ని తెచ్చి వేసేవాడు ఏ శాఖను నరుకుతున్నట్లు? నీటి రేవులనూ, బాటలనూ, జనం సేదతీరే నీడనూ మలినపరచడం శాపానికి కారణమని ప్రవక్త (స) హెచ్చరించారు. బక్రీద్ రోజున పేగులు, వ్యర్థాలు కాలువలో వదిలేవారు ఈ హెచ్చరికను గుర్తుంచుకోవాలి. గొయ్యి తీసి పూడ్చడం గంట పని.

'కాలువల్లో అంత నీరు వృథా అవుతుంటే నా చెంబు నీటితో ఒరిగేదేమిటి?' అని కొందరంటారు. కాలువల నిర్వహణ గురించి ప్రభుత్వాన్ని అడగాలి, తప్పక అడగాలి. కాని రేపు తీర్పు దినాన నన్ను కాలువ లెక్క అడగరు, నా కుళాయి లెక్క అడుగుతారు. సంపద ఎలా ఆర్జించావు, ఎందులో ఖర్చు చేశావు అన్న ప్రశ్నకు జవాబు చెప్పనిదే ఎవరి పాదాలూ అక్కడి నుంచి కదలవు.

కాబట్టి ఈ జుమా నుంచే మొదలుపెడదాం. మస్జిద్ కమిటీలు కారే కుళాయిలను బాగు చేయించి, సన్నని ధార వచ్చేటట్లు అమర్చాలి. బద్నాలను తిరిగి తెచ్చి పెట్టాలి. వుజూ నీటిని మురుగులోకి వదలక చెట్ల పాదులకు మళ్ళించాలి. నాటిన చెట్టు నుంచి మనిషిగాని, పక్షిగాని, పశువుగాని తిన్నదంతా నాటినవాడికి సదఖా అవుతుంది కదా! ఇంటి ఇల్లాలు బజారుకు గుడ్డ సంచి ఇచ్చి పంపాలి. వలీమాలోను, ఇఫ్తార్‌లోను స్టీలు పళ్ళేలు గాని, మోదుగాకు విస్తర్లు గాని వాడాలి. దస్తర్‌ఖాన్ మీద కలసి ఒకే తబక్‌లో తినడం మన సంప్రదాయమే. మొదట కొంచెం వడ్డించి, అడిగినవారికి మళ్ళీ వడ్డించాలి. మిగిలింది చల్లారక ముందే పేదల ఇళ్ళకు చేర్చాలి.

దివ్య ఖుర్ఆన్ తినడాన్నీ త్రాగడాన్నీ అనుమతించి, వెంటనే హద్దు మీరడాన్ని వారించింది. దుబారా చేసేవారిని షైతానుల సోదరులుగా పేర్కొంది. పిసినారితనానికీ దుబారాకూ మధ్య నడిచేవారిని కరుణామయుని దాసులుగా కీర్తించింది. నీరు తక్కువగా ఉన్నప్పుడు పొదుపు చేయడం అవసరం నేర్పే పాఠం. జలాశయం నిండుగా ఉన్నప్పుడు కూడా కుళాయి కట్టేసే చేతిలో మాత్రం విశ్వాసం పలుకుతుంది.

అల్లాహ్ మన జలాశయాలను కారుణ్య వర్షంతో నింపుగాక! ఆ నీటిపై తోటివారికున్న హక్కును గుర్తించే హృదయాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.